ఒకే పాట, ఏడు ప్రతులు: తేడా ఎక్కడ పుడుతోంది? (ప్రాజెక్టు డైరీ, విశాఖపట్నం)

చేతిలో ఉన్నవి

పాట 1960ల నాటి సినిమా యుగళగీతం. ఏడు ప్రతులు దొరికాయి: 78 స్పీడు (నిమిషానికి 78 చుట్లు) లక్క ప్లేటు, 45 స్పీడు ఈపీ (చిన్న వినైల్ ప్లేటు), ఆ తర్వాతెప్పుడో వచ్చిన సంకలనం ఎల్పీ (పెద్ద వినైల్ ప్లేటు), క్యాసెట్టు, 1990ల నాటి సీడీ, ఆ సినిమా వీసీడీ, ఇప్పుడు ఫోన్‌లో వచ్చే స్ట్రీమింగ్ ప్రతి. వరసపెట్టి వింటే ఇది ఒకే రికార్డింగా అన్న అనుమానం వస్తుంది. వీసీడీలో శృతి పైకి ఉంది. ఎల్పీలో గొంతు డొల్లగా ఉంది. క్యాసెట్టులో స, ష, చ అక్షరాల మీద ముసుగు వేసినట్టుంది. స్ట్రీమింగ్‌లో తబలా చెవి పక్కనే మోగుతోంది, వయొలిన్లు మాత్రం గోడకు అతుక్కుపోయాయి.

"ఏది బాగుంది" అన్న ప్రశ్న ఇప్పుడే వేస్తే జవాబు తప్పుతుంది. ముందు వేగం సరిచేయాలి, తర్వాత ఈక్వలైజేషన్ (బాస్, పై స్వరాల పాళ్లు), ఆ తర్వాత లెవెల్ (ధ్వని గట్టితనం). ఈ మూడూ సమం చేశాక ఇంకా వినిపించే తేడాయే అసలు తేడా. అది ఎవరో ఒక ఇంజనీరు కావాలని చేసింది, లేదా ఎక్కడో టేపు కోసింది. మిగతాదంతా యంత్రాల పొరపాటు. ఈ క్రమం తప్పితే ముల్లు చేసిన తప్పును సీడీ గొప్పతనం అనుకుంటాం.

గది, తేమ, కడగడం

పని మద్దిలపాలెంలో ఒక మేడ మీది గదిలో జరుగుతోంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ప్లేట్లకు, టేపులకు పెద్ద శత్రువు బూజు. ఈపీ మీద తెల్లటి మచ్చలు, క్యాసెట్టు కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట అంచున బూడిద రంగు పొడి. ఆ బూజుతోనే ప్లే చేస్తే ముల్లు దాన్ని గాడిలోకి ఇంకా లోతుగా తొక్కేస్తుంది, క్యాసెట్టు డెక్కులో అయితే టేపును చదివే హెడ్డుకు అంటుకుంటుంది.

లక్క ప్లేటుకు స్పిరిట్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, హ్యాండ్ శానిటైజర్ ఏదీ తగలకూడదు. లక్క ఆల్కహాల్‌లో కరిగిపోతుంది, గాడి చెదిరితే మళ్లీ రాదు. డిస్టిల్డ్ వాటర్ లీటరుకు వాసన, రంగు లేని తేలికపాటి డిటర్జెంట్ నాలుగైదు చుక్కలు చాలు. మెత్తటి బ్రష్షుతో గాడి వెంటే గుండ్రంగా తిప్పాలి, అడ్డంగా రుద్దకూడదు. మళ్లీ ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి నిలబెట్టి ఆరబెట్టాలి. లేబుల్ కాగితం తడవకూడదు. కుళాయి నీళ్లు వాడితే ఆరాక గాడిలో ఉప్పు మిగిలి చిటపటలు పెరుగుతాయి. వినైల్ ఈపీకి, ఎల్పీకి ఆల్కహాల్ కాస్త కలిపినా నష్టం లేదు.

రికార్డు చేస్తున్నంత సేపు ఫ్యాన్ ఆపాలి. గాలి ఒక్కటే కారణం కాదు. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ వల్ల కార్ట్రిడ్జ్ (ముల్లు కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) తీగల్లోకి 100 హెర్ట్జ్, దాని గుణిజాలతో ఒక గీరుడు చేరుతుంది. ల్యాప్‌టాప్ చార్జర్ కూడా తీసేసి బ్యాటరీ మీద నడపాలి. ఈ రెండూ చేస్తే అడుగున ఉండే హమ్ (కరెంటు రొద) చాలామటుకు పోతుంది.

78 ప్లేటు: ముల్లు, వేగం, ఈక్వలైజేషన్

ఎక్కువ సమయం తిన్నది ఇదే, ఎక్కువ నేర్పిందీ ఇదే.

ముల్లు: ఎల్పీ ముల్లు కొన వ్యాసార్థం 1 మిల్ లోపు, అంటే అంగుళంలో వెయ్యో వంతు లోపు. 78 గాడికి సుమారు 3 మిల్ కావాలి. ఎల్పీ ముల్లుతో 78 వేస్తే అది గాడి అడుగున దుమ్ములో దొర్లుతుంది. గోడల మీదున్న పాటకన్నా అడుగున ఉన్న గరగరే ఎక్కువ వినిపిస్తుంది. "78 అంటేనే గరగర" అన్న మాటకు సగం కారణం ఈ తప్పు ముల్లే. ఇక్కడ వాడుతున్నది ఆడియో టెక్నికా విఎం95ఎస్‌పి అనే కార్ట్రిడ్జ్, 3 మిల్ గుండ్రటి కొన, 5 గ్రాముల బరువు. ప్లేటు మోనో కాబట్టి ఎడమ, కుడి చానళ్లు కలిపేయాలి. మోనో గాడిలో పాట పక్కలకు ఊగుతుంది, దుమ్ము ముల్లును పైకీ కిందికీ తన్నుతుంది. రెండు చానళ్లూ కలిపితే ఆ పైకిందుల చప్పుడు చాలావరకు కొట్టేసుకుంటుంది.

వేగం: మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి దీపం సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. ఆ లెక్కన 78కి స్ట్రోబ్ చక్రం (వేగం చూడటానికి ప్లేటు మీద పెట్టే గీతల అట్ట) మీద 77 గీతలు ఉంటాయి, అవి కదలకుండా నిలిస్తే వేగం నిమిషానికి 77.92 చుట్లు. 45కి 133 గీతలు, ఎల్పీ వేగం 33⅓కి 180. ఎల్ఈడీ బల్బు వెలుగులో ఈ పరీక్ష చాలాసార్లు కుదరదు, ఎందుకంటే మంచి ఎల్ఈడీ డ్రైవర్ మిణుకును తీసేస్తుంది. పాత చోక్ ట్యూబులైటు లేదా నియాన్ ఇండికేటర్ బల్బు కావాలి.

78 స్పీడు లేని టర్న్‌టేబుల్ ఉన్నవాళ్లు 45 మీద రికార్డు చేసి కంప్యూటర్లో 1.7316 రెట్లు పెంచవచ్చు. అయితే ఒక జాగ్రత్త. ఫోనో ప్రీఆంప్ (ముల్లు సిగ్నల్‌ను పెంచే పెట్టె) తన ఆర్ఐఏఏ కర్వ్‌ను (ప్రామాణిక ఈక్వలైజేషన్, వివరం కింద ఉంది) నెమ్మదిగా నడిచిన ధ్వని మీద వేసేసి ఉంటుంది. వేగం పెంచితే ఆ కర్వ్ కూడా ఫ్రీక్వెన్సీలో పైకి జరిగిపోతుంది. అందుకని ముందు 45 వేగంలోనే ఆర్ఐఏఏను తిరగేసి తీసేయాలి, తర్వాత వేగం పెంచాలి, చివర్న 78 కర్వ్ వేయాలి. ఆర్ఐఏఏ తీయడానికి 1 కిలోహెర్ట్జ్‌తో పోల్చి 100 హెర్ట్జ్ దగ్గర 13.1 డెసిబెల్ తగ్గించాలి, 10 కిలోహెర్ట్జ్ దగ్గర 13.7 పెంచాలి. మధ్యలోని బిందువులు ఆర్ఐఏఏ పట్టికలో ఉంటాయి.

ఈక్వలైజేషన్: రికార్డు కోసేటప్పుడు బాస్ తగ్గించి, పై స్వరాలు పెంచి కోస్తారు, వినేటప్పుడు దాన్ని తిరగేస్తారు. ఎంత అన్నది 1954లో ఆర్ఐఏఏ ప్రమాణం వచ్చాక కుదురుకుంది. దానికి ముందు కంపెనీకో లెక్క. పాత ఈఎంఐ (బ్రిటిష్ రికార్డు కంపెనీ) వాళ్ల 78లకు సాధారణంగా 250 హెర్ట్జ్ దగ్గర మలుపు (అక్కడి నుంచి కిందికి బాస్ తగ్గుతుంది), పైన ఏ కోతా (వినేటప్పుడు పై స్వరాలు తగ్గించడం) లేదు. 1955 బ్రిటిష్ ప్రమాణంలో 78లకు మలుపు 353 హెర్ట్జ్ దగ్గర, పైన కోత 3,180 హెర్ట్జ్ దగ్గర. మన ప్లేటు 1960లది కాబట్టి రెండోదాంతో మొదలుపెట్టాం. దాన్ని ఉత్త ఆర్ఐఏఏతో వింటే 100 హెర్ట్జ్ దగ్గర దాదాపు 3 డెసిబెల్ ఎక్కువ, 10 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు 3 డెసిబెల్ తక్కువ వస్తుంది. చెవికి అది "లావుపాటి, మూసుకుపోయిన" గొంతు. పాత కర్వ్ ప్లేటును ఆర్ఐఏఏతో వింటే పైన 13 డెసిబెల్ పోతుంది, ఇక ఆ పాటలో సన్నటి వాయిద్యం ఉందని కూడా తెలియదు.

సరైన ముల్లు, సరైన కర్వ్ పడ్డాక ఈ ప్లేటులో వచ్చిన గొంతు చూస్తే లక్క ప్లేట్లకు ఎంత అన్యాయం జరిగిందో తెలుస్తుంది. పల్లవి ఎత్తుగడకు ముందు గాయని తీసుకునే ఊపిరి మిగతా ఆరు ప్రతుల్లో దేనిలోనూ ఇంత దగ్గరగా లేదు.

ఈపీ, ఎల్పీ

ఈపీతో ఇబ్బంది తక్కువ: ఆర్ఐఏఏ, మోనో, 45. పాట మొదటి వైపు మొదట్లోనే ఉంది, అది అదృష్టం. ప్లేటు లోపలికి వెళ్లేకొద్దీ ముల్లు కింద గాడి నడిచే వేగం తగ్గుతుంది. ఎల్పీ బయటి అంచున సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు, లోపలి చివర 21. అదే పాట సంకలనం ఎల్పీలో ఆ వైపు ఆఖరి పాటగా వేశారు, కాబట్టి స-కారాలు చిట్లుతున్నాయి. దీనికి రికార్డింగుతో సంబంధం లేదు, ప్లేటు మీద చోటుతోనే సంబంధం.

ఎల్పీలో గొంతు డొల్లగా ఉండటానికి కారణం వేరే. అట్ట మీద స్టీరియో అని ఉంది, పాట పుట్టుక మోనో. మోనో టేపును రెండుగా చీల్చి, ఒక పక్కకు బాస్ ఎక్కువ, రెండో పక్కకు ట్రెబుల్ ఎక్కువ ఇచ్చి, ఒకదాన్ని కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేసిన ఉత్తుత్తి స్టీరియో ఇది. కనిపెట్టడం తేలిక: రెండు చానళ్లనూ మోనోగా కలపండి. నిజం స్టీరియో అయితే గొంతు మధ్యలో గట్టిగా నిలుస్తుంది. ఉత్తుత్తిదైతే గొంతు గొట్టంలోంచి వచ్చినట్టవుతుంది. 10 మిల్లీసెకన్ల ఆలస్యం ఉంటే 50, 150, 250 హెర్ట్జ్... ఇలా ప్రతి 100కీ ఒక గుంత పడుతుంది. కలపడానికి ముందు ఆలస్యాన్ని సరిచేయాలి. ధ్వని దిద్దే సాఫ్ట్‌వేర్ ఆడాసిటీలో బాగా జూమ్ చేసి ఒక తబలా దెబ్బను రెండు చానళ్లలోనూ పట్టుకుని ఒకదాని కింద ఒకటి వచ్చేలా జరిపాం. డొల్లతనం చాలామటుకు పోయింది, పూర్తిగా పోలేదు.

క్యాసెట్టు

ముందు పెట్టె విప్పి చూడాలి. ఐదు స్క్రూలు. లోపల ప్రెజర్ ప్యాడ్ కింది స్పాంజి పొడిపొడిగా రాలిపోయి ఉంది, అది లేకపోతే టేపు హెడ్డుకు ఆనదు, ధ్వని వచ్చిపోతూ ఉంటుంది. బూజు తుడిచి, టేపు చుట్టలను మంచి పెట్టెలోకి మార్చి, చివరి నుంచి చివరి దాకా ఒకసారి అటూ ఇటూ తిప్పాం.

అసలు మర్మం అజిమత్‌లో (హెడ్డు టేపుకు నిలబడే కోణంలో) ఉంది. క్యాసెట్టు టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లే నడుస్తుంది, కాబట్టి 10 కిలోహెర్ట్జ్ తరంగం టేపు మీద 4.76 మైక్రాన్ల పొడవే. హెడ్డులోని సందు టేపుకు నిట్టనిలువుగా లేక కాస్త ఒరిగినా ఆ తరంగం తనను తానే కొట్టేసుకుంటుంది. అందుకే ఒక డెక్కులో మూగగా ఉన్న క్యాసెట్టు వేరే డెక్కులో విచ్చుకుంటుంది. హెడ్డు పక్కన స్ప్రింగు ఉన్న స్క్రూయే అజిమత్ స్క్రూ. అవుట్‌పుట్‌ను మోనోలో పెట్టి, పాటలో స-కారాలున్న చోటు తిప్పితిప్పి వింటూ, స్క్రూను కొద్దికొద్దిగా కదపాలి. స-కారాలు ఒక్కసారిగా పదునెక్కే చోటే సరైన స్థానం. పావు చుట్టు దాటి తిప్పాల్సి వస్తే ఆపి, హెడ్డు బిగింపు చూడాలి. తిప్పే ముందు స్క్రూ మీద పెయింట్ చుక్క పెట్టుకుంటే పాత స్థానానికి రావచ్చు.

డాల్బీ (టేపు సుయ్ మనే చప్పుడు, అంటే హిస్సు, తగ్గించే ఏర్పాటు) సంగతి కూడా చూడాలి. డాల్బీ లేకుండా చేసిన క్యాసెట్టును డాల్బీ బి మీట నొక్కి వింటే నెమ్మదైన చోట పై స్వరాలు 10 డెసిబెల్ దాకా మాయమవుతాయి. ఈ క్యాసెట్టు మీద డాల్బీ గుర్తు లేదు, మీట ఆపాం. మామూలు ఫెర్రిక్ టేపు కాబట్టి డెక్కు ఈక్వలైజేషన్ మీట 120 మైక్రోసెకన్ల స్థానంలో. బెల్టు సాగితే వేగం తగ్గుతుంది. 3,150 హెర్ట్జ్ టెస్టు టేపు వేసి కొలిస్తే తెలుస్తుంది. ఒక శాతం తేడా అంటే శృతిలో 17 సెంట్లు (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు). చాలామంది చెవికి దొరకదు, హార్మోనియం పక్కన పెట్టుకున్నవాళ్లకు వెంటనే దొరుకుతుంది.

వీసీడీ శృతి ఎందుకు పైకి పోయింది

సినిమా సెకనుకు 24 ఫ్రేములు. మన అనలాగ్ టీవీ పద్ధతి ప్యాల్‌లో 25. ఫిల్మును టీవీకి ఎక్కించేటప్పుడు మామూలుగా 24ను 25గా నడిపేస్తారు. ధ్వని కూడా 4.17 శాతం వేగంగా పోతుంది, శృతి 71 సెంట్లు పెరుగుతుంది. అంటే ఒకటి శృతిలో పాడిన పాట ఒకటిన్నరకు కాస్త తక్కువలో వినిపిస్తుంది. 3 నిమిషాల 20 సెకన్ల పాట 3 నిమిషాల 12 సెకన్లవుతుంది. సినిమా సీడీలు, టీవీలో పాత సినిమాలు చూసి పాట నేర్చుకున్నవాళ్లు ఆ శృతే అసలుదని గట్టిగా నమ్ముతారు. వాళ్ల తప్పేం లేదు. ఆడాసిటీలో స్పీడు −4 శాతం అని పెడితే సరిగ్గా పాత వేగానికి వస్తుంది. అయితే ఎన్‌టీఎస్‌సీ అనే మరో టీవీ పద్ధతిలో చేసిన డిస్కుల్లో ఈ పెంపు ఉండదు, కాబట్టి ముందు ఫైల్ ఫ్రేమ్ రేటు చూడాలి.

వీసీడీ ధ్వనిలో 8 కిలోహెర్ట్జ్ పైన దాదాపు ఏమీ లేదు. వీసీడీ ఫార్మాట్‌లో ధ్వనికి 224 కిలోబిట్లు ఉంటాయి, అది ఇంతగా కోయదు. ఆ కోత ఫిల్ము అంచున ఉండే ఆప్టికల్ ట్రాక్‌ది (వెలుగుతో చదివే ధ్వని పట్టీది).

అసలు శృతి ఏది?

ఏడింటినీ ఒక శృతికి తేవాలంటే కొలకర్ర కావాలి. రికార్డింగులో స్టూడియో హమ్ ఉంటే దాన్ని 50 హెర్ట్జ్‌కు తెస్తే చాలని చాలామంది చెప్తారు. మన దేశపు పాత రికార్డింగులకు ఈ పద్ధతిని నమ్మకూడదు. ఆ రోజుల్లో గ్రిడ్ ఫ్రీక్వెన్సీ నిలకడగా ఉండేది కాదు. సింక్రనస్ మోటారు (కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరిగేది) ఉన్న టేపు మెషీన్ గ్రిడ్ 49 దగ్గర ఉన్నప్పుడు 2 శాతం నెమ్మదిగా నడుస్తుంది, హమ్ కూడా 49గా రికార్డవుతుంది. మర్నాడు గ్రిడ్ 50కి వచ్చాక అదే టేపును వేస్తే హమ్ చక్కగా 50 చూపిస్తుంది, పాట మాత్రం 35 సెంట్లు పైకి పోయి ఉంటుంది. హమ్, మెషీన్ రెండూ ఒకే కరెంటు మీద ఊగుతాయి కాబట్టి ఒకటి రెండోదాని తప్పును చూపించలేదు.

అందుకని వాయిద్యాలను పట్టుకున్నాం. వయొలిన్‌ను ఎటైనా శృతి చేసుకోవచ్చు, వైబ్రఫోన్‌ను, అకార్డియన్‌ను పాటకోసారి మార్చలేరు. ఈ పాట మొదటి బిట్‌లో (గొంతు లేని వాయిద్యాల ముక్కలో) వైబ్రఫోన్ ఒంటరిగా మోగే నాలుగు స్వరాలున్నాయి. ఈపీలో అవి 440 హెర్ట్జ్ ప్రామాణిక శృతి కొలతకు 6 సెంట్లు పైన, 78లో 9 సెంట్లు పైన, సరిచేసిన వీసీడీలో 5 పైన. మూడు వేర్వేరు దార్లలో వచ్చినవి ఇంత దగ్గరగా కలిశాయి కాబట్టి ఈపీని కొలకర్రగా పెట్టుకుని మిగతావాటిని దానికి తెచ్చాం.

ఒకే టేకా, రెండు టేకులా

ఆ రోజుల్లో సినిమాకు ఒకటి, రికార్డుకు ఒకటి విడిగా పాడించడం ఉండేది. తేల్చడానికి మంచి పరీక్ష: శృతి, వేగం సరిచేశాక రెండు ప్రతులనూ పల్లవి మొదటి తబలా దెబ్బ దగ్గర కలపాలి. తర్వాత ఆఖరి చరణం దాకా ఒక్కొక్క దెబ్బ దగ్గర తేడా రాసుకోవాలి. తేడా ఒకే దారిలో మెల్లగా పెరిగితే టేకు ఒక్కటే, వేగంలో చిన్న లోపం మిగిలింది. తేడా ఒక వాక్యంలో ముందుకీ ఇంకో వాక్యంలో వెనక్కీ దూకితే అది వేరే టేకు. ఏ గాయకుడూ రెండుసార్లు ఊపిరి ఒకే క్షణంలో తీసుకోడు.

ఇక్కడ ఏడూ ఒకే టేకు. కానీ 78లో రెండో చరణానికి ముందు బిట్ సగం లేదు. 10 అంగుళాల 78 ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకే, కాబట్టి టేపు కోశారు. కోత చాలా నేర్పుగా ఉంది, తాళం ఎక్కడా తప్పలేదు. పట్టించేది ప్రతిధ్వని: వయొలిన్ల తోక మెల్లగా ఆరుతూ ఉండగా ఒక్కసారిగా తెగి, ఆ తర్వాతి తబలా దెబ్బ పొడిగా మొదలవుతుంది. స్పెక్ట్రోగ్రామ్‌లో (ఏ క్షణంలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంతుందో చూపే బొమ్మలో) నిలువు గీతలా కనిపిస్తుంది.

సీడీ, స్ట్రీమింగ్

ఫోన్‌లో ముందు ఆపాల్సినవి: యాప్‌లోని వాల్యూమ్ నార్మలైజేషన్, ఫోన్ సౌండ్ ఎఫెక్టులు, బ్లూటూత్. వైరుతోనే వినాలి.

లౌడ్‌నెస్ కొలత: సీడీ −17.8 ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి తోచే గట్టితనపు కొలత, సున్నాకు దగ్గరైతే ఎక్కువ గట్టి), స్ట్రీమింగ్ ప్రతి −9.6. ఎనిమిది డెసిబెల్ తేడా. గట్టిగా ఉన్నదే బాగుందని చెవి చెప్తుంది, బాస్, పై స్వరాలు రెండూ నిండుగా అనిపిస్తాయి. అరడెసిబెల్ తేడా కూడా "స్పష్టత"గా వినిపించగలదు. అన్నింటినీ ఆడాసిటీ లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌తో −20కి దించాం, ప్రతుల మధ్య తేడా 0.2 డెసిబెల్ లోపు.

దించాక బొమ్మ తిరగబడింది. స్ట్రీమింగ్ ప్రతిలో తబలా దెబ్బలో పదును లేదు. జూమ్ చేస్తే అల శిఖరం గొడ్డలితో నరికినట్టు చదునుగా ఉంది, 44.1 కిలోహెర్ట్జ్‌లో వరసగా 11 సాంపిళ్లు (డిజిటల్ ధ్వనిలో క్షణక్షణపు కొలతలు) ఒకే విలువ. అంటే పావు మిల్లీసెకను పాటు దెబ్బ మొత్తం ఒక గీత. దీన్ని మళ్లీ తెప్పించే ఉపాయం లేదు. లెవెల్ దించినా చదును చదునుగానే ఉంటుంది.

సీడీ సమస్య వేరు. గరగర తీసేయడంలో చెయ్యి బరువైంది. వాక్యాల చివర గొంతు ఆరిపోయే చోట సన్నగా నీటి బుడగల చప్పుడు. ఎవరైనా ఈ పని చేస్తుంటే తీసేసిన చప్పుడును విడిగా వినడం అలవాటు చేసుకోవాలి. అందులో ఉత్త గరగరే ఉంటే సరే. స-కారాలు, గజ్జెల చప్పుడు, గొంతు చివర్లు వినిపిస్తే పాటను కూడా పారేస్తున్నట్టే. కొంచెం గరగర ఉన్నా ఊపిరి మిగిలిన ప్రతే మేలని మా గట్టి నమ్మకం.

చూడకుండా వినడం

ఫూబార్ ఏబీఎక్స్‌తో (ఏది ఏదో చెప్పకుండా వినిపించి గుర్తుపట్టమనే సాఫ్ట్‌వేర్ పరీక్ష) 16 విడతలు. 12 కన్నా తక్కువ సరైతే తేడా వినిపించిందని అనలేం. ఊరికే ఊహించి 12 తెచ్చుకునే అవకాశం 4 శాతం లోపు. సీడీని, స్ట్రీమింగ్‌ను అందరూ తేలిగ్గా పట్టారు. అజిమత్ సరిచేసిన క్యాసెట్టును, ఈపీని హిస్సును బట్టే పట్టారు. నిశ్శబ్దం లేని చరణం మధ్య ముక్క ఇస్తే 12 దాటలేదు. అజిమత్ తప్పిన క్యాసెట్టే మనందరి చెవుల్లో "క్యాసెట్టు ధ్వని"గా మిగిలిపోయిందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

ప్రస్తుత స్థితి

ముడి ఫైళ్లు 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ ఫ్లాక్‌లో (ధ్వనిలో ఏమీ పోగొట్టని ఫైల్ రూపం) ఏ ఫిల్టరూ లేకుండా విడిగా ఉన్నాయి. సరిచేసిన ప్రతి ఫైల్ పేరులో ముల్లు, వేగం, కర్వ్ రాశాం. ఈపీ, 78 పక్కపక్కన పెట్టి 78కి ట్రెబుల్ కోత 3,180 దగ్గరే సరిపోతుందా అన్నది ఇంకా తేల్చాలి. పై స్వరాల్లో ఒకటిన్నర డెసిబెల్ తేడా మిగిలింది. అది కర్వ్‌ది కావచ్చు, ప్లేటు అరుగుదలదీ కావచ్చు. లేబుల్ పక్కన చెక్కిన మ్యాట్రిక్స్ నంబరు (ఏ అచ్చు నుంచి తీసిన ప్లేటో చెప్పేది) అదే ఉన్న ఇంకో 78 కోసం పూర్ణా మార్కెట్ పాత సామాను దుకాణాల్లో చెప్పి ఉంచాం. రెండు ప్లేట్లలోనూ ఆ ఒకటిన్నర అలాగే ఉంటే కర్వ్ మార్చాలి, మారితే అరుగుదల.